ఓపిక పట్టుడు, పరదా పట్టుడు

(హనుమకొండలో ఆగమన కాలం రెండో ఆదివారం సాయంత్రం, స్త్రీల సమాజం కూడికలో ఒక రిటైర్డ్ తెలుగు టీచర్ చేసిన ప్రసంగం. ఆమె మాట్లాడిన భాషను మార్చకుండా రాసుకున్నది.)

ప్రభువు నామంలో అందరికీ వందనాలు. పాస్టరు అయ్యగారికి, అమ్మగారికి, అమ్మలకు అక్కలకు, ఎనుక బెంచీల మీద కూసున్న అన్నలకు, క్యారల్స్ ప్రాక్టీసు ఆపుకోని వచ్చిన పిల్లలకు కూడ.

నేను నర్సంపేట దిక్కు నుంచి వస్తున్న. తొవ్వ పొడుగూత వడ్లే. రోడ్డుకు ఒక పక్క మొత్తం ఆరబోసిన్రు. కొన్ని జాగల్ల రాశులు పోసి పరదాలు కప్పిన్రు, పరదా లేవకుండ అంచుల మీద రాళ్లు పెట్టిన్రు. ఆ రాశుల పక్కన మంచాలు ఏసుకోని మనుషులు. ఈ చలికి చెవులకు మఫ్లర్లు కట్టుకోని, ఫోన్లు చూసుకుంట. అందరు వడ్లు ఎత్తుకపోయే లారీ కోసమే చూస్తున్నరు.

అయ్యగారు పది రోజుల కింద ఫోన్ చేసి, "టీచరమ్మా, ఈసారి ఓపిక మీద, నిరీక్షణ మీద మీరు మాట్లాడాలె" అన్నరు. సరే అన్న. ఇంట్ల కూసోని ఏవేవో రాసుకున్న కూడ. ఈయాల ఆ తొవ్వల వస్తుంటె, నేను రాసుకున్నదానికి అక్కడ కనపడ్డదానికి పొత్తు కుదరలే. అందుకే కాయితం సంచిలనే ఉంచిన.

ఆగమన కాలం అంటె ఏందో పిల్లల కోసం రెండు మాటలు చెప్తా. క్రిస్మస్‌కు ముందు నాలుగు ఆదివారాలు. యేసు శిష్యుడు అంద్రెయ గారి పండుగ నవంబర్ 30, దానికి దగ్గరి ఆదివారం మొదలైతది. సంఘానికి కొత్త సంవత్సరం అప్పుడే. బల్ల మీద ఊదా రంగు బట్ట ఏస్తం. లాటిన్‌ల అడ్వెంటుస్ అంటె రాకడ.

ఇగ ఆదివారానికొకటి ముట్టిచ్చే ఈ నాలుగు కొవ్వొత్తుల చక్రం సంగతి. ఇది మొదటి నుంచి గుళ్లల్ల ఉన్నది కాదు. జర్మనీల హాంబుర్గ్ పట్నంల వీహెర్న్ అనే పాస్టరు దిక్కులేని పిల్లల కోసం ఒక ఇల్లు నడిపిండు. డిసెంబర్ వచ్చిందంటె ఆ పిల్లలు రోజూ ఒకటే అడుగుడు, క్రిస్మస్ ఇంక ఎన్ని రోజులు, ఇంక ఎన్ని రోజులు అని. 1839ల ఆయన ఒక పాత బండి గీర తీసుకోని, దాని మీద చిన్న ఎర్ర కొవ్వొత్తులు, నాలుగు పెద్ద తెల్ల కొవ్వొత్తులు నిలబెట్టిండు. రోజుకొక చిన్నది, ఆదివారానికొక పెద్దది ముట్టిచ్చుకుంట పోయిండు. పిల్లలు చూసి లెక్కపెట్టుకున్నరు. నాకు ఇండ్ల నచ్చేది ఏందంటె, ఆయన పిల్లలను కూసోబెట్టి "ఓపిక పట్టుండ్రి" అని నీతి చెప్పలే. వాళ్ల ఎదురుచూపుకు చేతుల పట్టుకునే వస్తువు ఒకటి చేసిచ్చిండు.

నేను ముప్పై ఏండ్లు తెలుగు చెప్పిన. అందుకే ఏ సంగతి వచ్చినా ముందుగాల మాట దగ్గర ఆగుత. మీరు ఓర్చుకోవాలె.

చాన ఏండ్ల కింద సండే స్కూల్ల 130వ కీర్తన చదివిస్తున్న. "కావలివారు ఉదయముకొరకు కనిపెట్టుటకంటె ఎక్కువగా నా ప్రాణము ప్రభువుకొరకు కనిపెట్టుచున్నది." ఒక పిలగాడు చెయ్యి లేపి, "టీచర్, కావలోళ్లు ఉదయాన్ని కనిపెట్టిండ్రా? అంతకుముందు ఉదయం లేకుండెనా?" అన్నడు. వాడు చదివే సైన్సు పుస్తకంల కనిపెట్టుడు అంటె బల్బు కనిపెట్టుడు, ఆవిరి యంత్రం కనిపెట్టుడు. వానిది తప్పు కాదు, ఇప్పుడు ఆ మాటకు ఆ అర్థమే మిగిలింది. నేను వానికి ఎట్ల చెప్పాలె అని ఆలోచిస్తుంటె మా అమ్మ మాట యాదికొచ్చింది. పొలం పోయేముందు నాతోని అనేది, "చిన్నోన్ని కనిపెట్టుకోని ఉండు బిడ్డా" అని. అంటె వాని మీద కన్ను పెట్టి ఉండు. పొయ్యి దిక్కు పోకుండ, బాయి దిక్కు పోకుండ చూడు. పిలగానికి అదే చెప్పిన. వాడు, "అయితె కావలోళ్లు ఉదయం మీద కన్ను పెట్టిండ్రు" అన్నడు. నేను అంతకన్న మంచిగ చెప్పలేకపోదును.

బైబిల్ తెలుగుల ఎదురుచూసుడుకు ఇంకో మాట ఉన్నది, కాచుకొనుట. లూకా రెండో అధ్యాయం క్రిస్మస్‌కు మనం అందరం చదువుతం. గొర్రెల కాపరులు పొలంల ఉండి "రాత్రివేళ తమ మందను కాచుకొనుచుండగా" అని. యాకోబు పత్రిక ఐదో అధ్యాయం తీయుండ్రి. వ్యవసాయకుడు తొలకరి వర్షం, కడవరి వర్షం సమకూడే దాక భూఫలం కోసం "ఓపికతో కాచుకొనుచు దానికొరకు కనిపెట్టును గదా" అని ఉంటది. ఆడ మందకు, ఈడ పంటకు, మాట ఒక్కటే. నక్కల నుంచి మందను కాసే పని, పంట కోసం ఆగే పని మన తెలుగుకు వేరు వేరుగ కనపడలే.

ఇగ నిరీక్షణ. "విశ్వాసము, నిరీక్షణ, ప్రేమ ఈ మూడును నిలుచును" అని పౌలు రాసిన మాట పెండ్లి కార్డుల మీద కూడ అచ్చేసుకుంటం. మన బైబిల్ల ఆశకు పెట్టిన పేరు నిరీక్షణ. చర్చి బయట ఆ మాటకు అర్థం ఎదురుచూపు. ఈ నెలల ఏ పేపరు జిల్లా పేజీ తీసినా కనపడతది, కొనుగోలు కేంద్రాల కాడ రైతుల నిరీక్షణ అని. ఆ హెడ్డింగు చూసినప్పుడల్ల నాకు పౌలు మాటనే యాదికొస్తది. పేపరోళ్లు రాసేది లారీ కోసం ఎదురుచూసుడు, మనం చర్చిల చదివేది ఆశ. మాట మాత్రం ఒక్కటే. దాన్ని నేను ఊకె కలిసిన సంగతి అనుకోను.

మా తాత నీరటి. ఈ తరం పిల్లలకు ఆ మాట తెల్వదు, చెప్తా. పాకాల దిక్కున మా ఊరు. మన దగ్గర కాకతీయుల కాలం నుంచి చెరువులు గొలుసుకట్టు. పై చెరువు నిండి మత్తడి, అంటె అలుగు, దుంకితె ఆ నీళ్లు కింది చెరువుకు పోతయి. పాకాల, రామప్ప, లక్నవరం అంత పెద్దయి సరే, ఊరూరికి ఉన్న చిన్న చెరువులు కూడ అట్లనే. ఆ చెరువు తూము తెరిచి, ఎవల మడికి ఎన్నడు నీళ్లు పారాలె, ఎంత సేపు పారాలె అని చూసుకునేటాయన నీరటి. ఊరు ఆయనకు పంట మీద ఇంత అని వడ్లు కొలిచిచ్చేది.

వానాకాలంల మొగులు పట్టిందంటె తాత ఇంట్ల పండకపోవు. గొంగడి కప్పుకోని, కందిలి పట్టుకోని కట్ట మీదికి పోతుండె. ఎందుకు తాతా, వాన పడేది పడ్తది గద, నువ్వు పోతె ఎక్కువ పడ్తదా అని నేను అడిగిన. "వాన నా చేతుల లేదు బిడ్డా, కట్ట నా చేతుల ఉన్నది" అన్నడు. ఎలుకల బొక్క పడి నీళ్లు ఊరుతున్నయా, మత్తడి కాడ చెత్త అడ్డం పడ్డదా, తూము బిగువుగ ఉన్నదా, రాత్రంత అదే చూసుడు. చెరువు నిండినంక కూడ నిద్ర లేదు. తూము కాడి మడి ఎట్లన్న పారుతది. ఆయన బాధంత ఆయకట్టు ఆఖరి మడి గురించి. ఆ మడి ఎవలిది? మా ఊర్ల ఆఖరి మడులు ఎప్పటికి పేదోళ్లయే. పైనున్నోళ్లు రాత్రి దొంగతనంగ గండి కొట్టుకుంటె ఆ మడి ఎండుతది. అందుకే రాత్రి రెండు గంటలకు కాలువ ఎంబడి నడుచుకుంట పోయి చూసొస్తుండె.

వాన రాకడ, ప్రాణం పోకడ ఎవలకెరుక అని మనకు సామెత. రాకడ అనే మాట మనం చర్చిల ప్రభువుకే వాడుతం, రెండవ రాకడ అంటం. ఊర్ల అది వాన మాట. యాకోబుకు కూడ అది వాన మాటనే అయ్యింది చూడుండ్రి. ప్రభువు రాకడ దాక ఓపిక పట్టుండ్రి అని, ఎంబడే రైతును వానను తెచ్చిండు.

ఆయన చెప్పే వానలు మన వానలు కావు. ఆ దేశంల తొలకరి అంటె అక్టోబర్, నవంబర్. ఎండకు బండ తీరు గట్టిపడ్డ భూమి అప్పుడు మెత్తబడ్తది, దున్నుతరు, విత్తుతరు. కడవరి వాన మార్చి, ఏప్రిల్‌ల. గింజ పాలు పోసుకోని గట్టిపడేది ఆ వానతోని. మనకు మృగశిర కార్తెల తొలకరి. మనం ఆగమన కాలంల కోసి కుప్ప పోసుకుంటుంటె వాళ్లు అప్పుడే విత్తనం ఏసి ఉంటరు. నడుమ నెలలకు నెలలు. ఆ నెలల్ల ఆ రైతు చేతులు ముడుచుకోని కూసున్నడా? కలుపు తీసిండు, గోడ కట్టిండు, పిట్టలను కొట్టిండు. అందుకే యాకోబు రైతును తెచ్చిండు.

కాని నేను ఈయాల అసలు చెప్పదలుచుకున్నది ఆ వాక్యం గురించి కాదు, దాని పైన ఉన్న వాక్యం గురించి.

మనం ఏడో వచనం కాడ మొదలువెట్టి చదువుతం. ఓపిక, రైతు, వాన, చాన మంచిగుంటది. నాలుగో వచనం చదువుండ్రి. "ఇదిగో మీ చేలు కోసిన పనివారికియ్యక, మీరు మోసముగా బిగపట్టిన కూలి మొఱ్ఱపెట్టుచున్నది." కూలి మొర పెడుతున్నదట. కూలోళ్లు కాదు, బిగబట్టిన పైసలే అరుస్తున్నయట. కోతోళ్ల కేకలు దేవుని చెవులల్ల పడ్డయట. ఆస్తులున్నోళ్లను అంత గట్టిగ గద్దిచ్చినంకనే ఆయన ఈ పక్కకు తిరిగి, "సహోదరులారా, ఓపిక కలిగియుండుడి" అంటడు. కూలి అందనోని పక్కన నిలబడి చెప్పిన మాట అది. బిగబట్టినోని పక్కన నిలబడి, కూలోనితోని ఓపిక పట్టు అన్న మాట కాదు.

ఈ తేడా మనకు తెల్వాలె, ముఖ్యంగ ఆడోళ్లకు. తాగొచ్చి కొట్టే మొగనితోని ఉన్న బిడ్డకు, ఓపిక పట్టమ్మా, ప్రార్థన చెయ్యి, మారుతడు అని మన నోళ్లతోనే చెప్పి పంపినం. నేను కూడ ఆ మాట చెప్పినోళ్లల్ల ఉన్న. దేవుని ముందర ఒప్పుకుంటున్న. ఆ బిడ్డకు అప్పుడు కావలసింది పండుకోనీకి ఒక జాగ, తోడు ఒక మనిషి. అది ఇయ్యకుండ ఓపిక అన్న మాట ఒక్కటి చేతుల పెట్టి పంపితె, దాన్ని యాకోబు చెప్పిన ఓపిక అనద్దు.

2023ల సంగతి చెప్తా. ఆ ఏడు ఆగమన కాలం మొదటి ఆదివారం డిసెంబర్ 3 వచ్చింది. మంగళవారం, 5 తారీఖు, బాపట్ల కాడ మిచాంగ్ తుఫాను తీరం దాటింది. మనకు కూడ మొగులు, వాన. మా తమ్ముని వడ్లు అప్పటికి కొనుగోలు సెంటర్ల పోసి పన్నెండు రోజులు. వడ్లల్ల తేమ నూటికి పదిహేడు లోపల రావాలె. ఆరబోసి, తూర్పారబట్టి, తేమ మిషన్ పెట్టిచ్చుకుంటె సరిపోయింది. ఇగ కాంటా అయితదనంగ సంచులు లేవన్నరు. సంచులు వచ్చినంక లారీ లేదన్నరు. అప్పుడు ఈ వాన.

మొదటి ఆదివారం కొవ్వొత్తికి నిరీక్షణ అని పేరు. అది నేను చర్చిల ముట్టిచ్చి వచ్చిన, ఆ యేటికి ఆ భాగ్యం నాకిచ్చిన్రు. మంగళవారం పొద్దుగాల వానికి ఫోన్ చేసిన. గాలి శబ్దంల వాని మాట సరిగ ఇనపడ్తలేదు. "ఓపిక పట్టు తమ్మీ, దేవుడున్నడు" అన్న. వాడు కోపంగ కూడ అనలే, అలిసిపోయిన గొంతుతోని అన్నడు: "ఓపిక పడుతనే ఉన్న గని అక్కా, పరదా పట్టేటోళ్లు లేరు."

ఫోన్ పెట్టేసినంక చాన సేపు అట్లనే కూసున్న. వాడు నన్ను నిష్ఠూరమాడలే. వాని దగ్గర పరదాలు మూడు ఉన్నయి. గాలికి ఒక అంచు పట్టుకుంటె ఇంకో అంచు లేస్తున్నది. మనిషి ఒక్కడు. వానికి కావలసింది ఇంకో రెండు చేతులు. నేను హనుమకొండల కూసోని మాట పంపిన.

అప్పుడు పోయిన. బస్సులు సరిగ లేవు, పక్కింటి పిలగాడు బైకు మీద దిగబెట్టిండు. పోయేసరికి మధ్యాన్నం. ఏమైందనుకున్నరు? పక్క రాశి ఆయన, వానికి మాకు పొలం గట్టు పంచాయతీ ఉన్నది, ఏండ్ల సంది మాట్లాడుకోరు. ఆయన, ఆయన భార్య మా పరదా రెండో అంచు పట్టుకోని కూసున్నరు, రాళ్లు కొట్టుకపోతె మనుషులే బరువై. సెంటర్ల పనిచేసే ఐకేపీ మహిళా సంఘాల ఆడోళ్లు తలా ఒక రాశి కాడ ఉన్నరు. హమాలీలు చుట్టు కాలువ తీస్తున్నరు, నీళ్లు రాశి కిందికి రాకుండ. మా వడ్లు అడుగున కొన్ని తడిసినయి, కొన్ని మొలకలొచ్చినయి. అన్ని దక్కలే. ఆ నష్టం నష్టమే, దానికి నేను ఆత్మీయ అర్థం చెప్పను. కాని ఆ రాత్రి అందరం నిప్పు ఏసుకోని, ఒకరు పండుకుంటె ఇంకొకరు మేలుకోని, పదకొండు రాశులు కాసినం. గొర్రెల కాపరుల వాక్యం నాకు అర్థమైంది ఆ రాత్రే. వాళ్లకు దేవదూత గుడిల కనపడలే, ప్రార్థన చేస్తుంటె కనపడలే. డ్యూటీల ఉండంగ కనపడ్డడు.

మన పెద్దోళ్లకు ఇది తెలుసు. మెదక్ చర్చి మీలో చాన మంది చూసిన్రు, క్రిస్మస్‌కు బస్సులు కట్టుకోని పోతం. అది లేచింది కరువు దినాలల్ల. పాస్నెట్ అనే మిషనరీ దొర ఆకలితోని వచ్చిన జనానికి పని చూపెట్టి, ఆ పనికి తిండి పెట్టిండు. పని 1914ల మొదలైతె, 1924 డిసెంబర్ 25న ప్రతిష్ఠ అయ్యింది. పదేండ్లు. రాళ్లు మోసిన ఆ తల్లుల పేర్లు ఎక్కడ చెక్కి లేవు. ఆ రోజు సాయంత్రం పిల్లలకు గంజి దొరుకుతదా అన్నదే వాళ్ల నిరీక్షణ. దాని మీదనే అంత పెద్ద గోపురం నిలబడ్డది. మన దోర్నకల్ సంగతి కూడ అట్లనే. అజరయ్య గారు 1912ల బిషప్ అయిన్రు, మన దేశస్థులల్ల మొట్టమొదటి ఆంగ్లికన్ బిషప్ ఆయన. అక్కడి కెథెడ్రల్ ప్రతిష్ఠ 1939 జనవరి 6న. లెక్కపెట్టుకోండ్రి నడుమ ఎన్నేండ్లో.

ఎదురుచూసుడులనే ముసలైనోళ్లు కూడ ఉన్నరు, వాళ్లను మరువద్దు. ఫనూయేలు కూతురు, అన్న అనే పేరున్న ఒక ప్రవక్త్రి. ఏడేండ్లు సంసారం చేసింది, మొగడు చచ్చిపోయిండు, ఎనభై నాలుగు సంవత్సరాల విధవరాలు అని లూకా రాస్తడు. గుడి విడిచి పోకుండ రాత్రింబగళ్లు అక్కడనే.

నేను జగిత్యాల దిక్కున కొన్నేండ్లు పనిచేసిన. అక్కడ ఆ అన్నమ్మ లాంటి ఆడోళ్లను ఇంటికొక్కరిని చూసిన. మొగడు దుబాయిల, మస్కట్ల. రెండేండ్లకో మూడేండ్లకో సెలవు. వస్తున్నడంటె పది రోజుల ముందు నుంచి ఇంటికి సున్నం, కొత్త చాపలు. అర్ధరాత్రి ఊరి నుంచి వ్యాను కట్టుకోని ఇంటిల్లిపాది శంషాబాద్ పోతరు. చంకల పిల్ల నాయిన మొఖం ఫోన్లనే చూసింది. అద్దం తలుపులు తెరుచుకున్నప్పుడల్ల అందరి మెడలు ఒక్కసారి లేస్తయి. ఆగమనం అన్న మాట అక్కడ చూస్తె తెలుస్తది. అట్ల పోయి, శవపెట్టె తెచ్చుకున్నోళ్లు కూడ ఉన్నరు. నా దగ్గర చదువుకున్న పిల్ల తండ్రి అట్లనే వచ్చిండు. ఆ పిల్లకు నేను ఏం వాక్యం చెప్పలే. పదకొండు దినాలు వాళ్లింట్ల పండుకున్న, అంతే. వాళ్ల అమ్మ ఇప్పటికి డిసెంబర్ వస్తె నాకు ఫోన్ చేస్తది.

టైం అయిపోతున్నది, అయ్యగారు గడియారం చూస్తున్నరు. రెండో కొవ్వొత్తి ముట్టిచ్చినంక పిల్లలు పాట పాడుతరు.

మా తమ్ముడు ఈ ఏడు కూడ సెంటర్లనే ఉన్నడు. ఏడో రోజు. ఈ పొద్దు సాయంత్రం మళ్ల మొగులు కనపడ్డది. కూడిక అయిపోంగనే నేను అటే పోతున్న. ఫ్లాస్కుల చాయ్ ఉన్నది, రెండు దుప్పట్లు ఉన్నయి. ఆటో మాట్లాడిన, గేటు కాడ ఉన్నది. ఇంక ముగ్గురికి జాగున్నది.